పదకొండు రోజుల కాగితం

మిర్యాలగూడ,
జూన్ 9, 2025.

అక్కకు,

చెల్లెలు ఉత్తరం రాసిందేమిటా అని కవరు అటూ ఇటూ తిప్పి చూసి ఉంటావు. ఏం చేయను? నీ ఫోన్ ఎప్పుడూ బావగారి ధాన్యం దుకాణంలో గల్లాపెట్టె మీద స్పీకర్లో ఉంటుంది. నా ఫోన్ ఎప్పుడూ మనస్విని చేతిలో ఉంటుంది. మనిద్దరి మధ్యే ఉండాల్సిన మాటకు కాగితమే దిక్కయింది.

ముందు మంచి మాట. నాకు వియన్నా వచ్చింది. పదహారేళ్ల కింద సూర్యాపేట మార్కెట్ యార్డులో వడ్ల తేమ కొలిచే తాత్కాలిక ఉద్యోగానికి చేరాను కదా, అదే అంతర్జాతీయ ధాన్య సంస్థ ఇప్పుడు నన్ను తన పెద్దాఫీసుకు అధికారిగా పిలిచింది. మూడేళ్లు ఉండాలి. సెప్టెంబరు మొదటికల్లా చేరాలి. మాది మామూలు వీసా కాదట, దౌత్య వీసా. లైన్లో నిలబడి బతిమాలుకునే పని లేదు. ‘ఈమె మా అధికారి, వీళ్లు ఈమె కుటుంబం’ అని మా సంస్థే ముద్ర వేసి రాయబార కార్యాలయానికి ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరంలో ఎవరి పేరుంటే వాళ్లకే వీసా.

నీ మరిది గారి సంగతి వింటే నవ్వుతావు. ఫారంలో ఆయన పేరు పక్కన ‘ఆధారపడిన వ్యక్తి’ అని ఉంది. “ఇరవై మంది హమాలీలకు పని చూపెట్టేటోణ్ణి, నేను ఎవరి మీద ఆధారపడ్డనే?” అని మిల్లు తాళాలు నా ముందు ఆడించారు. ఒక పూట అలిగి, మర్నాడు సంతకం పెట్టారు.

చిక్కంతా మను పేరు దగ్గర వచ్చింది. అది నీ కడుపున పుట్టిందని మన రెండిళ్లలో దానికి తప్ప అందరికీ తెలుసు. కాగితాల్లో మాత్రం తల్లిని నేనే. ఇన్నేళ్లూ బడిలో గానీ ఆధార్‌లో గానీ ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు మా సిబ్బంది విభాగం వాళ్లు పాత దస్త్రాలు తిరగేశారు. అది పుట్టింది 2010 నవంబర్ 23న. ఆ రోజు నేను యార్డులో నలభై ఒక్క శాంపిళ్ల మీద సంతకం పెట్టి ఉన్నాను. ఆ నెలలో ఒక్క రోజు కూడా సెలవు లేదు. పొద్దున కని మధ్యాహ్నం వడ్లు కొలిచిన తల్లిని లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. వివరించగలరా అని మర్యాదగానే అడిగారు.

తాత్కాలిక వాళ్లకు అప్పట్లో సెలవులు రాసేవారు కాదని, నా బదులు ఎవరో సంతకాలు పెట్టారని రాస్తాను. దవాఖాన కాగితం ఒకటి జతచేస్తే చాలన్నారు. సూర్యాపేటలో మను పుట్టిన నర్సింగ్ హోమ్ ఎప్పుడో మూసేశారు. కానీ అప్పటి కాంపౌండర్ శ్రీహరి ఇప్పుడు మీ కోదాడలోనే మందుల షాపు నడుపుతున్నాడు, బావకు దోస్తు. పాత పుస్తకాలు అతని దగ్గరే ఉన్నాయట. అమ్మ ఆ రోజు అడ్మిషన్‌లో నా పేరే చెప్పిందిగా. ఆ పేజీ నకలు ఒకటి, కింద అతని సంతకం ఒకటి తెచ్చి పంపు.

చిన్న పనే అక్కా. ఇందులో తప్పేమీ లేదు. కొత్తగా ఎవరినీ మోసం చేయడం లేదు కదా.

నీ చెల్లెలు
దేవిక


కోదాడ,
జూన్ 24, 2025.

దేవీ,

ఉత్తరం అందింది. చాలా సంతోషం. మీ బావ దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ లడ్డూ పెట్టి, మా మరదలు విదేశాల్లో ఆఫీసరని చెప్పారు. ఇల్లు అలకగానే పండుగ కాదండీ, ఇంకా వీసా రావాలి అని నేనంటే వినలేదు. వియన్నా ఎక్కడుందో మా చిన్నవాడు జీవన్ ఫోన్లో పటం తీసి చూపించాడు. కోదాడ నుంచి వేలితో జరుపుతూ పోయాను. జరిపినకొద్దీ ఇంకా ఉంది.

శ్రీహరి ఊళ్లో లేడు. బిడ్డ కాన్పుకని ఖమ్మం పోయాడట. ఎప్పుడొస్తాడో తెలియదు. నాకూ మోకాలు పట్టేసింది, మెట్లు దిగడం కష్టంగా ఉంది.

అక్కడ చలి బాగా ఉంటుందటగా. మనుకు తలస్నానం చేస్తే జుట్టు ఒక పట్టాన ఆరదు, తడితలతో బడికి పంపకు. మూడేళ్లలో మధ్యలో వస్తారా? దాని పుట్టినరోజుకు నేను గరిజెలు చేసి ఆర్టీసీ కార్గోలో వేస్తే మూడు గంటల్లో మీ ఇంట్లో ఉండేవి. వియన్నాకు ఏ బస్సు పోతుంది చెప్పు.

నీ ఫారంలో భర్తకు గడి ఉంది, పిల్లకు గడి ఉంది. పెద్దమ్మకు ఎక్కడా గడి ఉండదా? ఊరికే అడిగాను, నవ్వులాటకు.

నిమ్మకాయ పచ్చడి పంపుతున్నాను. ఉప్పు కాస్త ఎక్కువైంది.

అక్క


మిర్యాలగూడ,
జూలై 6, 2025.

అక్కా,

పచ్చడి అందింది. కాగితం అందలేదు.

నెలాఖరుకల్లా నేను జవాబివ్వకపోతే సంస్థ రాసే ఉత్తరంలో మను పేరు ఉండదు. పేరు లేకపోతే వీసా లేదు. ఈ మాట నీకు నాలుగు రకాలుగా ఫోన్ చేసి చెప్పాను. నువ్వేమో ఒకసారి కరెంటు లేదంటావు, ఒకసారి పొయ్యి మీద పాలున్నాయంటావు. శ్రీహరి ఖమ్మంలో లేడని, నిన్న కూడా షాపులోనే కూర్చుని ఉన్నాడని నాకు తెలిసింది. నాతో ఎందుకు అబద్ధమాడావు?

నీకు మను వెళ్లడం ఇష్టం లేదా? లేకపోతే సూటిగా చెప్పు. పద్నాలుగేళ్ల కింద ఇచ్చిన పిల్లను ఇప్పుడు కాగితం దాచి పట్టుకోవాలని చూస్తున్నావా? దాన్ని పెంచింది నేను. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది నేను. ఒక్క పుట్టినరోజుకైనా వచ్చావా నువ్వు? బస్సులో పార్శిల్ పడేస్తే అయిపోయిందా?

ఇంతవరకు రాసి లేచి వెళ్లి మొహం కడుక్కొని వచ్చాను. చింపేద్దామనుకున్నాను, మళ్లీ రాసే ఓపిక లేదు. పైన రాసింది మనసులో పెట్టుకోకు. పరేషాన్‌లో ఉన్నాను అక్కా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. ఆఫీసు వాళ్లు మామూలుగా అడిగినా పట్టుబడ్డట్టే అనిపిస్తోంది.

ఆ పేజీ పంపు. నీ కాళ్లు పట్టుకుంటాను.

దేవిక


కోదాడ,
జూలై 17, 2025.

దేవీ,

శ్రీహరి ఖమ్మం పోలేదు. నా మోకాలికీ ఏమీ కాలేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన సాయంత్రమే అతని షాపుకు వెళ్లాను. అతను అటక మీద నుంచి పుస్తకాల కట్ట దింపి, దుమ్ము దులిపి, పేజీ తీసి నా ముందు పెట్టాడు.

అందులో నీ పేరుంది. వయసు నీది, భర్త పేరు మీ ఆయనది, శశిధర్. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నానని కింద సంతకం. ఆ సంతకం నాది దేవీ. నా చేతి రాతలో నీ పేరు. పేరు అమ్మ చెప్పిందనే ఇన్నాళ్లూ నీతో అన్నాను, నాతో నేనూ అనుకున్నాను. రాసింది నేను.

నొప్పుల మీద ఉన్నప్పుడు అమ్మ చెవిలో చెప్పింది. “పేరడిగితే దేవిక అని చెప్పు బిడ్డా. రేపు కోర్టులని, దత్తతలని తిరిగే పని ఉండది. ఒక్క కడుపున పుట్టినోళ్లకు కాగితాలేంది?” దత్తత కాగితమంటూ ఒకటి ఉంటే పిల్ల పెద్దయ్యాక ఎక్కడో ఒకచోట చదువుతుందని ఆమె భయం. నీకు మూడుసార్లు కడుపు పోయింది. నాకు ఇద్దరు మగపిల్లలున్నారు. మూడో కాన్పు నీకేనని నా నోటితో నేనే అన్నాను, ఎవరూ బలవంతపెట్టలేదు. మీ బావ కూడా సరేనన్నారు.

మూడో రోజు జరిగింది నీకు తెలియదు. చెప్పకుండానే పోదామనుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, పడితే పడనీ.

ఆ రోజు నాకు పాలు పడ్డాయి. దానికి ఇస్తుంటే అది నా వేలు పట్టుకుని నిద్రపోయింది. మధ్యాహ్నం అమ్మతో అన్నాను, “అమ్మా, పిల్లను నేనే ఉంచుకుంట. దేవికి నేను చెప్పుకుంట” అని. అమ్మ పిల్ల గుడ్డలు మడతపెట్టింది. సాయంత్రం వచ్చి నా తల నిమిరింది. “నేను మునిసిపాలిటీకి పోయి రాయించిన, రిజిస్టర్ల పేరెక్కింది బిడ్డా. ఇగ ఏం చేయలేం” అన్నది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. పాలు ఎండిపోవడానికి మల్లెపూలు కట్టుకున్నాను.

మాట ఇచ్చి తప్పబోయినదాన్ని నేను. అందుకే నీ ఇంటికి పుట్టినరోజుకు రాను. అది కేకు కోస్తుంటే నా నోరు జారుతుందని భయం. గరిజెలు బస్సు ఎక్కించి, సాయంత్రం దాకా స్టాండు వైపు చూడకుండా కూర్చుంటాను. నువ్వు బస్సులో పార్శిల్ పడేస్తావని రాశావు. నిజమే కదా, ఏమంటాను.

నకలు ఇందులోనే పెట్టాను. శ్రీహరి సంతకం, ముద్ర ఉన్నాయి. నీకు కావలసినట్టు వాడుకో. నీ బిడ్డకు నేను అడ్డం రాను. ఆ రోజు మనసు మార్చుకున్నందుకు నన్ను క్షమించు.

అక్క


మిర్యాలగూడ,
జూలై 30, 2025.

అక్కా,

నువ్వు నన్ను క్షమించమని అడగకూడదు. ఇది చదివాక నీకే తెలుస్తుంది.

మూడో రోజు జరిగింది నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

ఆ మధ్యాహ్నం యార్డు నుంచి నీకు అన్నం డబ్బా తెచ్చాను. నీ మంచం చుట్టూ పచ్చ పరదా ఉండేది. దాని ఇవతల నిలబడ్డాను. నువ్వు అమ్మతో అన్న మాట, ప్రతి అక్షరం విన్నాను. లోపలికి వచ్చి నీ మొహం చూసి ఉంటే ‘నీ బిడ్డే అక్కా, ఉంచుకో’ అని ఉండేదాన్నేమో. లోపలికి రాలేదు. డబ్బా కిటికీలో పెట్టి, నర్సు దగ్గర జనన చీటీ అడిగి తీసుకుని మునిసిపల్ ఆఫీసుకు పోయాను. నడవలేదు, పరుగెత్తాను.

అందరూ పదిహేను రోజులకు తీరిగ్గా పోయి రాయించుకుంటారు. నేను మూడో రోజునే వెళ్లి నిలబడ్డాను. గుమాస్తా అన్నం తింటున్నాడు. చేయి కడుక్కునేదాకా బల్ల పక్కన ఉన్నాను. చీటీ చూసి, నన్ను చూసి, “పచ్చి బాలింతవు, నువ్వెందుకొచ్చినవమ్మా? ఇంట్ల మగోళ్లు లేరా?” అన్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, నీళ్లు తెప్పించాడు. పాపం అనుకుని అప్పటికప్పుడే రిజిస్టర్‌లో రాశాడు. నీకు దక్కాల్సిన ఆ కుర్చీ, ఆ మంచినీళ్లు, ఆ జాలి అన్నీ నేను తీసుకున్నాను. సాయంత్రం అమ్మకు చెప్పాను. తిట్టలేదు. “నేను పోయి రాయించిన్నని చెప్త తీ” అన్నది. తప్పు తన మీద వేసుకుంది. నేను వేసుకోనిచ్చాను.

మా ఫారంలో పిల్ల పేరు కింద మూడు గడులు ఉన్నాయి. కన్నబిడ్డ, దత్తత, జీవిత భాగస్వామి బిడ్డ. ఒకదానిలో టిక్కు పెట్టి, ఇదంతా సత్యమని కింద సంతకం చేయాలి. నా ఉద్యోగమంతా పైకి బాగున్న బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి లోపలి గింజ బయటికి తీయడమే. ఎంతమంది రైతుల మొహాన ‘తాలు ఉంది, పనికిరాదు’ అన్నానో. నీ కాగితం ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. ఆ సంతకం చూస్తే చేయి కదల్లేదు.

కాగితం వాడలేదు అక్కా. నిన్న ఆఫీసుకు ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. ఏమవుతుందో తెలియదు. నీకు మాత్రం సిగ్గుతో రాస్తున్నాను. నీ దగ్గర నుంచి నేను పిల్లను తీసుకోలేదు, ఎత్తుకుపోయాను.

దేవిక


కోదాడ,
ఆగస్టు 19, 2025.

దేవికకు,

చదివాను.

అమ్మే ఉరికి పోయి రాయించిందని పద్నాలుగేళ్లు అనుకున్నాను. ఆమె మంచాన పడ్డప్పుడు నేను వచ్చి చేయాల్సినవన్నీ చేశాను, కానీ పక్కన కూర్చుని మనసారా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె చూపుతో అడిగేది. నేను గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయేదాన్ని. అట్లాగే పోయింది. ఇప్పుడు ఆ కోపం తిరిగి ఎవరికివ్వాలో చెప్పు.

ఫోన్ చేయకు. ఎత్తను.

వాసవి


మిర్యాలగూడ,
సెప్టెంబర్ 14, 2025.

అక్కకు,

ఫోన్ చేయొద్దన్నావు, చేయలేదు. ఈ ఉత్తరం చింపేసినా నీ ఇష్టం. కానీ మను విషయం కాబట్టి రాయక తప్పదు.

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నా ఫైల్లో హెచ్చరిక కాగితం పెట్టారు. పోస్టింగ్ జనవరికి జరిపారు. ఇప్పటికి సంస్థ రాసే ఉత్తరంలో రెండే పేర్లు, నాది, ఆయనది. కన్నబిడ్డ కాదు, దత్తతా కాదు కాబట్టి మను మాకు చట్టంలో ఏమీ కాదు. సూర్యాపేటలో వకీలును కలిశాం. ముందు మునిసిపాలిటీ రిజిస్టర్‌లో తల్లి పేరు సరిచేయించాలట. శ్రీహరి పుస్తకం, మన ఇద్దరి ప్రమాణ పత్రాలు ఉంటే అవుతుందన్నాడు. తప్పుడు పేరు ఎక్కించినందుకు జరిమానా ఉంటే నాకే పడాలని రాసిచ్చాను. ఆ తర్వాత దత్తత పత్రం. పిల్లకు పదిహేనేళ్లు నిండకముందే కావాలి, అంటే నవంబర్ 23 లోపు. కన్నతల్లి తన చేత్తో బిడ్డను ఇవ్వాలి, రిజిస్ట్రార్ ముందు సంతకం పెట్టాలి. దీనికి వేరే దారి లేదని వకీలు రెండుసార్లు చెప్పాడు.

అక్కా, ఇది అడగడానికి నాకు మొహం లేదు. అందుకే అడగడం లేదు, తెలియజేస్తున్నాను. నువ్వు ఇవ్వనంటే మను నీ దగ్గరే ఉంటుంది, ఆ పేరు మాత్రం ఎలాగూ సరిచేయిస్తాను. ఈసారి నువ్వేమన్నా పరదా వెనక ఎవరూ ఉండరు.

మనుకు చెప్పేశాను. మిల్లు మేడ మీద బట్టలు తీస్తూ చెప్పాను, కూర్చోబెట్టి చెప్పే ధైర్యం లేక. నేను పరుగెత్తిన సంగతి కూడా దాచలేదు. అది ఏడవలేదు. మడతపెట్టిన చున్నీనే మళ్లీ మళ్లీ మడతపెట్టింది. చివరికి ఒక్కటే అడిగింది. “పెద్దమ్మ నా బర్త్‌డేకు రాకుండ గరిజెలు పంపేది గిందుకేనా?” నేను అవునన్నాను. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, బతుకమ్మ సెలవులకు కోదాడ పోతానని, ఒక్కతే బస్సులో పోతానని చెప్పింది. ఇరవై ఒకటిన ఎక్కిస్తాను. దింపుకోవడానికి వస్తావనుకుంటున్నాను.

దేవిక


కోదాడ,
అక్టోబర్ 6, 2025.

దేవీ,

మను రేపు బయల్దేరుతుంది. ఈ ఉత్తరం దాని సంచిలోనే పెడుతున్నాను. చదవదు, నాకు మాట ఇచ్చింది.

పన్నెండు రోజులనుకున్నది పదహారు రోజులు ఉంది. అమ్మా అని పిలుస్తుందేమోనని మొదటి రోజంతా ఒళ్లు బిగబట్టుకుని తిరిగాను. పిలవలేదు. పెద్దమ్మా అనే పిలిచింది, నాకు ఊపిరి వచ్చింది. బతుకమ్మ పేర్చడానికి తంగేడు పువ్వు కోసుకొచ్చింది. పేర్చేటప్పుడు పువ్వు అటు తిప్పి ఇటు తిప్పి నాతో పోట్లాడింది. అచ్చం నీలాగే, చెబితే వినదు.

నాలుగో రోజు తలకు నూనె పెడుతుంటే అడిగింది, “నన్ను ఎందుకిచ్చినవ్ పెద్దమ్మా?” అని. మాట ఇచ్చినందుకు ఇచ్చానన్నాను. మళ్లీ ఉంచుకుందామని అనిపించలేదా అంది. అనిపించింది, మూడు రోజులు ఆలస్యమైందన్నాను. జడ వేయించుకుని అట్లాగే నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. నాకు కాలు తిమ్మిరెక్కినా జరపలేదు.

నిన్న తేల్చి చెప్పింది. “నేను అమ్మతోనే పోత పెద్దమ్మా. అమ్మ మీద నాకు ఇంక కోపమున్నది, అయినా పోత. కాని ముందుగాల నీ పేరు రాయించు. తర్వాతనే ఇయ్యి.”

పద్నాలుగేళ్ల పిల్లకు ఉన్న తెలివి మన ముగ్గురు ఆడవాళ్లకు, అమ్మకూ నీకూ నాకూ లేకపోయింది. నేను ఇస్తాను దేవీ. అప్పుడు ఇవ్వలేదు, నా చేతిలోంచి పోయింది. ఈసారి ఇస్తాను. మీ బావ కూడా వస్తారు.

నిన్ను క్షమించానని మాత్రం రాయను. ఆ మనసు ఇంకా రాలేదు. వస్తే చెబుతాను.

అక్క


మిర్యాలగూడ,
నవంబర్ 18, 2025.

అక్కా,

ఈ పొద్దున ఫారం పంపాను. మను పేరు కింద రెండో గడిలో టిక్కు పెట్టాను, దత్తత. దత్తత పత్రం జతచేశాను. కన్నతల్లి పేరు రాయమన్న చోట నీ పేరు రాశాను. పెద్దమ్మకు గడి ఉండదా అని అడిగావు కదా, ఉంది.

నిన్న సూర్యాపేట రిజిస్ట్రార్ ఆఫీసుకు నువ్వు అరగంట ఆలస్యంగా వచ్చావు. బావ ఒక్కరే మెట్లెక్కి వస్తుంటే నువ్వు రావనుకున్నాను. దేవుడికి మొక్కుకోబోయి, ఏమని మొక్కుకోవాలో తెలియక ఊరుకున్నాను. నువ్వు వచ్చాక కూడా నీ మొహం చూడలేకపోయాను. నువ్వు మను చేయి తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు నీ వేళ్లు చల్లగా ఉన్నాయి. బయటికొచ్చి చాయ్ తాగేటప్పుడు ఒక్క మాట మాట్లాడతావేమోనని చూశాను. చక్కెర ఎక్కువైందన్నావు అంతే.

చాలా తప్పు చేశాను అక్కా. కాగితాలు సరిచేసినంత మాత్రాన ఖతం అయ్యేది కాదని తెలుసు.

దేవిక


కోదాడ,
నవంబర్ 20, 2025.

దేవీ,

ఆలస్యం ఎందుకైందో చెబుతాను విను. సూర్యాపేట బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో ఉన్నాను.

ఈ నెల ఆరున మునిసిపాలిటీ నుంచి సరిచేసిన జనన పత్రం నా చేతికొచ్చింది. తల్లి పేరు: వాసవి. పదిహేడున ఇచ్చేస్తే దత్తతతో పాటు అది మళ్లీ మారిపోతుందని వకీలు చెప్పాడు. అంటే పదకొండు రోజులు. దాన్ని దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక పెట్టుకున్నాను. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఒకసారి, రాత్రి వంటిల్లు కడిగాక ఒకసారి తీసి చదువుకునేదాన్ని. ఉన్నది నాలుగు లైన్లే. మణిదీప్‌వీ జీవన్‌వీ కూడా ఉన్నాయి ఇంట్లో, ఎప్పుడైనా చదివానా? ఇవ్వాల్సిన రోజు వచ్చేసరికి ఒట్టి చేతులతో మెట్లెక్కడం నావల్ల కాలేదు. రంగులో నకలు తీయించి, ప్లాస్టిక్ కాగితం వేయించుకున్నాను. షాపువాడు, “ఒరిజినల్ ఉండంగ ఇదెందుకమ్మా?” అన్నాడు. ఉండదులే నాయనా అన్నాను.

నువ్వు నా మొహం చూడలేదన్నావు. నేను నిన్నే చూస్తున్నాను. రిజిస్ట్రార్ తల ఎత్తకుండా, “పిల్ల తల్లి ఎవరమ్మా?” అన్నాడు. అలవాటు కొద్దీ నువ్వు కుర్చీలోంచి లేవబోయావు. నేనూ లేచాను. అప్పుడు నువ్వు కూర్చున్నావు. బల్ల పట్టుకుని, కళ్లు దించుకుని, మెల్లగా కూర్చున్నావు. అది చూశాను దేవీ. పద్నాలుగేళ్లుగా నా లోపల బిగుసుకుని ఉన్నదేదో అప్పుడు కాస్త వదులైంది. అక్కడ చెబితే ఏడుస్తానని చక్కెర మీదికి పోనిచ్చాను. వస్తే చెబుతానన్నాను కదా, ఇదుగో చెబుతున్నాను.

ఆ రోజు నీ పేరు రాశాను, మొన్న నా పేరు రాశాను. రెండుసార్లూ పిల్ల నీదే అయింది. కానీ ఈసారి ఇచ్చింది నేను. ఇచ్చినదాన్ని చూడటానికి వచ్చే హక్కు ఇచ్చినవాళ్లకు ఉంటుంది.

వెళ్లేలోపు ఒకసారి సూర్యాపేటలో అమ్మ ఫోటో దగ్గరికి పోదాం, ఇద్దరం కలిసే. ఆమెకు నేను చెప్పుకోవాల్సింది ఉంది, నువ్వు చెప్పుకోవాల్సింది ఉంది.

ఆదివారం మను పుట్టినరోజు. ఈ ఏడు పార్శిల్ పంపడం లేదు. హుజూర్‌నగర్ మీదుగా వచ్చే ఎనిమిదిన్నర బస్సు ఎక్కుతున్నాను. గరిజెల డబ్బా బరువుగా ఉంటుంది, మనును స్టాండుకు పంపు.

అక్క